పటం కొంటున్నారా? పాట అడగండి

ఖరగ్‌పూర్‌లో హౌరా వైపు లోకల్ ఎక్కి, బాలీచక్‌లో దిగి, పింగ్లా రోడ్డు పట్టుకుంటే నయా అనే ఊరు వస్తుంది. అక్కడ ఇళ్ల గోడల మీదా బొమ్మలే. గీసేవాళ్ల ఇంటిపేరు కూడా దాదాపు ఒకటే: చిత్రకర్. పటం అనే పొడవాటి కాగితపు చుట్ట మీద కథను గళ్లుగా గీసి, ఒక్కో గడీ విప్పి వేలితో చూపిస్తూ పాట పాడతారు. వీళ్లలో ఎక్కువమంది ముస్లింలు. పాడేది మనసాదేవి కథ, రామాయణం. సునామీ వచ్చినప్పుడు దాని మీదా పటం గీసి పాట కట్టారు. మన చేర్యాల పటాలు గుర్తొస్తున్నాయి కదూ! కాకపోతే అక్కడ గీసేది నకాషీలు, కథ చెప్పేది వేరేవాళ్లు. నయాలో రెండు పనులూ ఒకరివే.

ఇప్పుడు మన ఖరగ్‌పూర్ రైల్వే కాలనీకి వద్దాం. ఇక్కడ ఒకరికి హాల్లో పటం పెట్టుకోవాలనిపించింది. ఫోన్‌లో వెతికి, బెంగళూరు చిరునామా ఉన్న దుకాణంలో ఆర్డర్ పెట్టారనుకోండి. నయాలో పుట్టిన పటం మన ఊరి పక్కనుంచే దక్షిణాదికి వెళ్లి, తిరిగి మన ఊళ్లోనే దిగుతుంది. 1072 మీటర్ల ప్లాట్‌ఫాంతో 2013 దాకా ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న ఊరు మనది కనుక, దిగడానికి చోటుకేం కొదవలేదు.

ఈ చుట్టుతిరుగుడుకు కొనేవాళ్ల బద్ధకం ఒక్కటే కారణం కాదు. 2023 అక్టోబర్ 1 వరకూ ఆన్‌లైన్ మార్కెట్‌లో సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్లకైనా జీఎస్టీ నమోదు ఉండాల్సిందే. ఆ తేదీ నుంచి టర్నోవర్ పరిమితి లోపు ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు, అదీ సొంత రాష్ట్రంలో అమ్ముకోవడానికే. అంటే పటంలోని రాముడు సముద్రానికి వారధి కట్టగలడు గానీ, నమోదు లేకుండా ఆన్‌లైన్‌లో దాంతన్ దాటి ఒడిశాలో అడుగుపెట్టలేడు. శ్రీకాకుళం సంగతి సరేసరి.

కాబట్టి మధ్యలో ఒక వ్యాపారి వస్తాడు. మధ్యవర్తి అనగానే దొంగ అనుకోనక్కర్లేదు. ఫొటో తీయడం, ఇంగ్లీషులో వివరం రాయడం, అట్టగొట్టంలో నలక్కుండా పెట్టడం, తిరిగొచ్చిన పార్శిల్ ఖర్చు మోయడం, ఇవన్నీ పనులే. గీసినవాళ్ల పేరు చెప్పి, వాళ్ల డబ్బు వాళ్లకిచ్చే మధ్యవర్తి మేలే చేస్తున్నాడు. చిక్కల్లా పేరు చెప్పనివాళ్లతోనే.

వాళ్లను పట్టుకోవడం మరీ కష్టమేం కాదు. అమ్మకందారు పేరు మీద నొక్కండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం పేరు, చిరునామా చూపించాలి. తర్వాత ఆ దుకాణంలో ఇంకేం అమ్ముతున్నారో చూడండి. చేత్తో గీసిన పటాల పక్కనే మొబైల్ కవర్లు, కుక్కర్ గాస్కెట్లు కనబడితే, అవి ఎంత పనిమంతుల చేతులో మీకే తెలుస్తుంది.

మాటల్ని కూడా కాస్త తూకం వేయాలి. ఖాదీ అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట అని 1956 నాటి చట్టమే చెబుతోంది. ఖాదీ పేరుతో అమ్మాలంటే ఖాదీ మార్క్ ఉండాలని 2013లో నిబంధనలు వచ్చాయి. మన పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని ఏకి శుభ్రం చేసే పద్ధతి ఉంది. ఆ శ్రమకు ఆ ముద్ర ఒక కాపలా. చేనేతకు 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. బెంగాల్ పటచిత్రకు, సబంగ్ వైపు అల్లే మాదుర్ చాపలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. వీటన్నిటికీ లెక్కాపత్రం ఉంటుంది. ‘హ్యాండ్‌మేడ్’ అన్న మాట అలా కాదు. అమ్మకపు పేజీలో అది రాసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, టైపు చేయడం వస్తే చాలు. చేతిపని సరుకుల కోసమే 2005లో అమెరికాలో పుట్టిన ఎట్సీ కూడా, బయటి తయారీదార్ల సాయం తీసుకోవడానికి 2013లో అమ్మకందార్లకు అనుమతిచ్చింది. అప్పటి నుంచీ అక్కడ చెయ్యి అంటే ఎంత చెయ్యి అన్న వాదన నడుస్తూనే ఉంది.

ముద్రలు అలా ఉంచి, పటాన్నే దగ్గరగా చూద్దాం. పొడవు పటం ఒకే కాగితం కాదు, చాలా కాగితాల్ని కలిపి కుట్టినది. వెనక గట్టిదనం కోసం బట్ట అంటిస్తారు, చాలాసార్లు అది పాతచీర ముక్క. నీలం శంఖుపుష్పంది, పసుపురంగు పసుపుకొమ్ముది, రంగు నిలవడానికి మారేడు పండు జిగురు. అందుకని వెనకవైపు ఫొటో అడగండి. ముందువైపు అందరూ చూపిస్తారు, వెనకవైపు చూపించడానికి కొందరికి ఎందుకో మొహమాటం. ఒకే కథ పటాలు రెండుంటే పక్కపక్కన పెట్టి, ఫొటో పెద్దది చేసి చూడండి. రెండు చేపల తోకలూ ఒకేచోట ఒకేలా వణికితే అది అచ్చు. మనిషి చెయ్యి రెండోసారి ఇంకోచోట వణుకుతుంది.

అన్నిటికన్నా సులువైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఈ పటానికి పాటేది అని అడగండి, కుదిరితే గీసిన దీదీ పాడిన వీడియో పంపమనండి. నిజంగా చిత్రకర్ ఇంటితో సంబంధం ఉన్న వ్యాపారికి అది ఒక ఫోన్‌తో అయ్యే పని. లేనివాడు “స్టాక్ లిమిటెడ్ మేడమ్” అంటాడు. పాట స్టాక్ అయిపోయిందని అర్థం.

చివరగా ధర. నమ్మకం కుదిరాక బేరం ఆడకండి. కమిషన్, ప్యాకింగ్, పార్శిల్ పోగా మిగిలేదే గీసినవాళ్లది. మీరు తగ్గించేది చాలావరకు అందులోంచే తెగుతుంది. ఇంటికొచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ పార్శిల్‌ని ఊరికే వెనక్కి పంపకండి, రానుపోను ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. దూరాన ఉన్నవాళ్లకు ఈ జాగ్రత్తలు చాలు. ఖరగ్‌పూర్‌వాళ్లకు మాత్రం ఇంత వివరణ అక్కర్లేదు. నవంబర్‌లో నయాలో పట్ మాయా మేళా జరుగుతుంది, బాలీచక్ లోకల్ టికెట్ డెలివరీ చార్జీ కన్నా చవక.