గన్నవరం ముందు నుంచే శంషాబాద్‌కు: విదేశీ విమానాలపై అపోహలు – వాస్తవాలు

తాడేపల్లిగూడెంలో సాయంత్రం బయల్దేరిన కారు ఏలూరు, కలపర్రు టోల్‌గేటు, హనుమాన్ జంక్షన్ దాటి గన్నవరం విమానాశ్రయం ముందు నుంచి పోతుంది. టాపు మీద తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, వాటికి చుట్టూ టేపు, పైన నల్ల మార్కరుతో పేరు, ఫోను నంబరు. లోపల కువైట్‌కో దుబాయ్‌కో వెళ్ళే మనిషి, సాగనంపడానికి ఇంటివాళ్ళు నలుగురు. విమానాశ్రయం బోర్డు మీద ‘అంతర్జాతీయ’ అని ఉంది. కారు మాత్రం ఆగదు. ఇంకో మూడొందల కిలోమీటర్లు పోతే గానీ శంషాబాద్ రాదు.

‘విదేశీ విమానాల్ని మన గవర్నమెంటే రానివ్వదంట’ అని ఆ కారులో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. దాన్ని అంటిపెట్టుకుని అపోహలూ ఉన్నాయి.

అపోహ: అంతర్జాతీయ హోదా వచ్చింది కాబట్టి ఏ దేశపు విమానమైనా దిగొచ్చు.

వాస్తవం: గన్నవరానికి ఆ హోదా ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2017 మేలో నిర్ణయించింది. దానివల్ల కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఏర్పాట్లకు దారి పడింది. విదేశీ సంస్థ దిగడం వేరే సంగతి. 1944 నాటి చికాగో ఒడంబడిక ప్రకారం ఏ దేశం అనుమతి లేకుండా ఆ దేశానికి వేళాపట్టిక ప్రకారం సర్వీసు నడపకూడదు. రెండు దేశాలు రాసుకున్న ఒప్పందంలో ఊరి పేరు ఉండాలి. దాన్నే ‘పాయింట్ ఆఫ్ కాల్’ అంటారు. మన సంస్థలకు ఆ అడ్డు లేదు, మన ఊళ్ళలో ఎక్కడి నుంచైనా ఎగరొచ్చు.

తేడా తెలియాలంటే విశాఖను చూడాలి. ఆసియాన్ దేశాల విమానాలు ఎన్నైనా రావచ్చని భారత్ తలుపులు తెరిచిన 18 ఊళ్ళలో విశాఖ ఒకటి. అందుకే 2011లో సింగపూర్ నుంచి సిల్క్‌ఎయిర్ అక్కడికి వచ్చింది. ఆ 18లో గన్నవరం లేదు. 2018 డిసెంబరు 4న గన్నవరం నుంచి సింగపూర్‌కు ఎగిరింది మన ఇండిగో. అదీ సీట్లు నిండకపోతే లోటును రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుందన్న ఒప్పందం మీద. 2019 జూన్‌కల్లా ఆ సర్వీసు ఆగిపోయింది.

అపోహ: ఢిల్లీకి మన రాష్ట్రం మీద కక్ష.

వాస్తవం: కేరళలో కన్నూరు విమానాశ్రయం 2018 డిసెంబరులో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ గల్ఫ్‌తో ముడిపడినవే. అయినా విదేశీ సంస్థలకు అక్కడ ప్రవేశం దొరకలేదు. పార్లమెంటులో అడిగితే వచ్చిన జవాబు ఇదీ: మన సంస్థల అంతర్జాతీయ సర్వీసులను ప్రోత్సహించడానికి, మెట్రోలు కాని ఊళ్ళను విదేశీ సంస్థలకు కొత్తగా ఇవ్వడం లేదు. 2014 నుంచి 2018 వరకు పౌర విమానయాన శాఖను చూసింది విజయనగరం అశోక్ గజపతిరాజు. 2024 నుంచి చూస్తున్నది శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. కుర్చీలో మనవాడు కూర్చున్నంత మాత్రాన విధానం మారదు.

ఇంకో సంగతి. 2022లో దుబాయ్ వారానికి మరో 50 వేల సీట్లతోపాటు కొత్త ఊళ్ళు కూడా కావాలని అడిగింది. ఆ జాబితాలో అమృత్‌సర్, కోయంబత్తూరు, కన్నూరు, పుణె లాంటి పేర్లున్నాయి. గన్నవరం పేరు లేదు. అడగని దాన్ని కాదన్నారని అనలేం కదా.

అపోహ: సీట్ల కోటా విదేశీ సంస్థలకే, మనవాళ్ళు ఎన్నైనా నడుపుకోవచ్చు.

వాస్తవం: డెల్టా రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాళ్వాకు వంతులవారీగా నీళ్ళిచ్చినట్టే సీట్లూ ఇస్తారు. రెండు పక్కలా సమాన వంతు. భారత్–దుబాయ్ మధ్య ఒక్కో పక్షానికి వారానికి 65 వేలకు పైగా సీట్లని 2014లో రాసుకున్నారు. దుబాయ్ తన వంతు పూర్తిగా వాడుకుంది. మన సంస్థలు చాన్నాళ్ళు వాడుకోలేకపోయాయి. ఒక్కో కాలువకు ఒక్కో లెక్క ఉన్నట్టే దుబాయ్, అబుదాబి, షార్జాల కోటాలు కూడా వేర్వేరు. 2022 అక్టోబరులో గన్నవరం నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఎగిరింది షార్జాకు. ఆ సీట్లు దుబాయ్ లెక్కలోకి రావు.

అపోహ: సీట్లు పెంచితే అందరికీ లాభం, ఆపితే అందరికీ నష్టం.

వాస్తవం: అసలు పేచీ ఇక్కడే. దుబాయ్ విమానం ఎక్కినవాళ్ళందరూ దుబాయ్‌లో దిగరు. డాలస్‌కో లండన్‌కో పోయేవాళ్ళు అక్కడ విమానం మారతారు. ఆ దూరప్రయాణాల బేరం గల్ఫ్ సంస్థలకు పోకుండా మన సంస్థలే నేరుగా నడపాలన్నది కేంద్రం వాదన. 2023లో అప్పటి విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా సీట్లు పెంచే ఆలోచన లేదని చెప్పింది ఈ లెక్కలోనే. ఈ భయం ఉత్తది కాదు. 2013లో జెట్ ఎయిర్‌వేస్‌లో అబుదాబి సంస్థ ఎతిహాద్ 24 శాతం వాటా కొన్న వేళ అబుదాబి కోటాను వారానికి 13,330 సీట్ల నుంచి దశలవారీగా 50 వేలకు పెంచారు. దేశానికి నష్టమంటూ సుబ్రమణ్యస్వామి సుప్రీంకోర్టుకెక్కారు. ఆ జెట్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది.

అయితే పాలకొల్లు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే మనిషి డాలస్ పోవడం లేదు. ఆమె ప్రయాణం గల్ఫ్‌లోనే ముగుస్తుంది. డాలస్ బేరాన్ని కాపాడటానికి కట్టిన గట్టు ఆమె దారికీ అడ్డం పడుతోంది. సీట్లు తక్కువై గిరాకీ ఎక్కువైతే పండగ రోజుల్లో టికెట్టు మండిపోతుంది. కాపాడింది ఒకరి వ్యాపారం, చెల్లించేది ఇంకొకరి జీతం. గట్టు తెగ్గొట్టకుండానే తూము ఎత్తవచ్చని చెప్పడానికీ ఉదాహరణ ఉంది. 2025 జూలైలో కువైట్‌ కోటాను వారానికి 12 వేల సీట్ల నుంచి 18 వేలకు పెంచారు.

అపోహ: మిగతా దేశాల్లో ఈ గొడవే లేదు.

వాస్తవం: 2023లో ఖతార్ ఎయిర్‌వేస్ వారానికి మరో 28 సర్వీసులు అడిగితే ఆస్ట్రేలియా కాదంది. సొంత సంస్థ క్వాంటాస్ కోసమే కాదన్నారని గోలెత్తి, సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. 2020లో దోహా విమానాశ్రయంలో మహిళా ప్రయాణికుల పట్ల జరిగిన అవమానం కూడా ఆ చర్చలోకి వచ్చింది. 2010లో కెనడా అదనపు సర్వీసులకు ఒప్పుకోనందుకు యూఏఈ తన గడ్డ మీదున్న కెనడా సైనిక స్థావరాన్ని ఖాళీ చేయించింది.

అపోహ: విదేశీ విమానాలొస్తే కొల్లేరు చేప, రొయ్య విమానమెక్కుతాయి.

వాస్తవం: కైకలూరు, ఆకివీడు చేప ఐసు కొట్టిన పెట్టెల్లో, లారీల మీద కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. ఎగుమతి రొయ్య గడ్డకట్టి, కంటైనర్లలో ఓడెక్కుతుంది. విమానంతో రొయ్య రైతుకు పని పడేది మొదట్లో. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నైకి వచ్చి, నీలాంకరై క్వారంటైన్ దాటి హేచరీలకు చేరుతున్నాయి. అక్కడ కావాల్సింది విమానం కన్నా క్వారంటైన్ కేంద్రం.

అపోహ: తాడేపల్లిగూడెం రన్‌వే రెడీగానే ఉంది, బాగుచేస్తే చాలు.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రన్‌వే చుట్టూ ఊరు పెరిగింది. పైగా ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే ప్రత్యేకంగా పరిశీలించాలని కేంద్రం 2008 విధానం చెబుతోంది. గూడేనికి అటు రాజమండ్రి దగ్గరి మధురపూడి, ఇటు గన్నవరం రెండూ ఆ లోపే. రన్‌వే వేసినా ఒప్పందంలో పేరు లేకపోతే విదేశీ విమానం దిగదు.

రేపు ఎవరైనా మైకు పట్టుకుని ‘గన్నవరానికి ఎమిరేట్స్ తెస్తాం’ అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఏ దేశంతో ఒప్పందంలో మన ఊరి పేరు రాయిస్తారు? ఏ కోటాలోంచి సీట్లు తెస్తారు? అవి నిండకపోతే లోటు ఎవరు కడతారు? జవాబు దొరికేదాకా టాపు మీద పెట్టెలు కట్టుకున్న కారు గన్నవరం ముందు నుంచి పోతూనే ఉంటుంది.