మన ‘టెంకి’... తప్పిపోయి దొరికింది!

విశాఖ జాలరుల నోట విన్న ఓ చేప పేరు శతాబ్దంన్నరకు పైగా శాస్త్రగ్రంథాల్లో నిలిచింది. 2017లో దాన్ని జాబితాలోంచి కొట్టేశారు. 2020లో మళ్లీ చేర్చారు. పేరుదేముందిలే అనుకోవడానికి లేదు. ఆ చేప ఉనికే దానితో ముడిపడి ఉంది మరి!

రక్తపింజరను ఇంగ్లిషులో ‘రసెల్స్ వైపర్’ అంటారు. ఆ రసెల్ ఈ కథలోనూ ఉన్నాడు. పూర్తిపేరు ప్యాట్రిక్ రసెల్. వైద్యుడు. 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. పాములతోపాటు చేపల్నీ వదల్లేదాయన. జాలరులు తెచ్చినవాటికి బొమ్మలు వేయించాడు. రెండువందల విశాఖ చేపల మీద 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం తెచ్చాడు. పేరేమిటంటే జాలరి ఏం చెబితే అదే తన చెవికి తోచినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఒకటి ‘ఎరెగూడు టెంకి’.

ఇప్పుడు మనం టేకు చేప అంటామే, ఆ కుటుంబానికి వాళ్లు వాడిన మాట టెంకి. రసెల్ పుస్తకంలో చివర టెంకి ఉన్న పేర్లు ఇంకొన్ని కనిపిస్తాయి. ముందు రకం, తర్వాత కుటుంబం... శాస్త్రజ్ఞులు రెండు లాటిన్ మాటలతో చేసే పనిని జాలరులు రెండు తెలుగు మాటలతో చేశారన్నమాట!

ఎరెగూడు మామూలు టేకులా అడుగున ఇసుకలో పడుకోదు. రెక్కలు ఆడిస్తూ నీళ్లలో పక్షిలా ఈదుతుంది. తోకకు ముల్లుండదు. నోటికి అటూ ఇటూ కొమ్ముల్లాంటి తొడుగులుంటాయి. వాటిని చూసే ఇంగ్లిషువాళ్లు డెవిల్ రే అన్నారు. దెయ్యం అనేంత పాపం అదేం చేయలేదు. నీటిని వడగట్టి సన్నని జీవుల్ని తిని బతుకుతుంది. వెడల్పు మీటరుకు కాస్త ఎక్కువ. ఏడు మీటర్ల దాకా పెరిగే మాంటాలకు చుట్టమే.

రసెల్ రాసిన పేరును 1849లో క్యాంటర్ అనే వైద్యుడు ‘ఎరెగూడు’ అని శాస్త్రీయనామంగా మార్చాడు. పదేళ్లకు డచ్చి వైద్యుడు బ్లీకర్ రెండు మాటలూ కలిపేసి ‘ఎరెగూడుటెంకి’ అన్నాడు. చాలాకాలం ఈ పొడుగు పేరే చెలామణీ అయింది.

గొడవ 2017లో వచ్చింది. డీఎన్ఏ పరీక్షల ఆధారంగా శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని తిరగరాశారు. మాంటాలనూ డెవిల్ రేలనూ ‘మొబ్యులా’ అనే ఒకే ప్రజాతిలో కలిపారు. పదకొండు జాతులు ఎనిమిదయ్యాయి. మన ఎరెగూడు, ‘కూలీ’ అనే జాతిలో కలిసిపోయింది. (ఇది మన కూలీ కాదు, కూల్ అనే జర్మన్ పరిశోధకుడి పేరు.) అయితే రెండూ ఒకటి కాదని కొందరు పట్టుబట్టారు. ఎరెగూడుకు కొమ్ములు పొడుగు, కూలీకి పొట్టి. మరింత లోతుగా జన్యువులు చూస్తే రెండూ వేరేనని తేలింది. 2020లో ఎరెగూడు మళ్లీ జాబితాకెక్కింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం కాబట్టి క్యాంటర్ మాటే నిలిచింది.

దీనివల్ల చేపకేం ఒరిగింది? ఎరెగూడు కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. అదీ దాదాపు ఏడాది మోశాక. వలల్లో వేరే చేపలతోపాటు ఇదీ చిక్కుతుంది. దీని మొప్పల్లోని జల్లెడ పలకల్ని చైనాలో మందుగా కొంటారు. ఎక్కువగా పట్టేస్తే తిరిగి కోలుకోవడం కష్టం. రెండు జాతుల్ని ఒకే పద్దులో రాస్తే, ఒకటి తరిగిపోతున్నా రెండోది ఆ లోటును కప్పేస్తుంది. మొబ్యులా జాతులన్నింటినీ 2016లో అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం సైటిస్ పరిధిలోకి తెచ్చారు. ఏ జాతి ఎన్ని మిగిలాయో చెప్పాలంటే ముందు ఏది ఏదో తెలియాలిగా!

ఈ కుటుంబంలో మన వైపు సంబంధమున్న పేరు ఇంకోటుంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ పేరిట 1908లో ఒక డెవిల్ రేకు ‘థర్‌స్టొని’ అని పెట్టారు. అట్లాంటిక్‌లో తిరిగే మాంటాను మరో జాతిగా తేల్చి 2025లో ‘యారే’ అని పేరు పెట్టారు. దాంతో ఎనిమిదికి కుదించిన జాబితా మళ్లీ పదికి చేరింది.