వాకిట్లో ముగ్గు లేని ఇల్లు



పొద్దున్నే మీ వీధిలో ఒకసారి అటూ ఇటూ నడిచి చూడండి. ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇంటివాళ్ళు ఊరికి పోయారో ఎవరినీ అడగకుండానే చెప్పేయవచ్చు. కళ్ళాపి చల్లి ముగ్గు వేసిన వాకిలి ఒక మాట చెబుతుంది. ఆకులు రాలి, మూడు రోజుల పేపర్లు పడి ఉన్న వాకిలి ఇంకో మాట చెబుతుంది. మనం చదవగలిగింది దొంగ చదవలేడా?

మన బళ్ళారి వైపు బడులకు వేసవి సెలవులిచ్చారంటే సగం వీధి ఖాళీ. 1953లో జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి, మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. మ్యాపు మీద గీత గీశారు గాని చుట్టరికాల మీద గీయలేరు కదా! పుట్టిల్లు అటు, మెట్టినిల్లు ఇటు. వెళితే పది పదిహేను రోజులకు గాని తిరిగి రాము.

నా సంగతే చెబుతాను. ఒక ఎండాకాలం పిల్లల్ని తీసుకుని రాయదుర్గంలో మా అమ్మగారింటికి వెళ్ళాను. బయల్దేరే హడావిడిలో కొళాయి తిప్పి చూశాం, నీళ్ళు రాలేదు. తిప్పిన కొళాయి మళ్ళీ కట్టెయ్యడం మరిచిపోయాం. రెండో నాటి రాత్రి నీళ్ళు వదిలారు. తెల్లవారి మా తలుపు కిందనుంచి నీళ్ళు పారుతుంటే ఎదురింటావిడ ఫోన్ చేసింది. ఆమె కన్నడావిడ. ఇద్దరం ఒకరినొకరం ‘అక్కా’ అనే పిలుచుకుంటాం, రెండు భాషల్లోనూ ఆ మాట ఒకటే. “అక్కా, తాళంచెవి ఎక్కడ పెట్టారు?” అంది. ఏం చెప్పను? ఉన్న మూడు తాళంచెవులూ నా బ్యాగులోనే ఉన్నాయి! అదే జాగ్రత్త అనుకున్నాను. చివరికి నలుగురి ఎదుట తాళం పగలగొట్టించి కొళాయి కట్టారు. అప్పటికే బియ్యం మూట నానింది. మంచం కింది పెట్టెలో నా బి.ఇడి. సర్టిఫికెట్టు అక్షరాలు అలుక్కుపోయాయి. దాని నకలు కోసం నేను తిరిగిన తిరుగుడు చెబితే అదే ఒక ప్రసంగమవుతుంది.

అప్పటినుంచి ఒక తాళంచెవి ఆ అక్క దగ్గరే ఉంటుంది. పూలకుండీ కింద, ద్వారబంధం మీద దాచే అలవాటు ఉంటే మానండి, ఎవరైనా ముందు వెతికేది అక్కడే. మేము లేని రోజుల్లో అక్క మా వాకిట్లో ఇన్ని నీళ్ళు చల్లి నాలుగు గీతల ముగ్గు వేస్తుంది. సాయంత్రం వరండా లైటు వేసి పొద్దున్నే ఆర్పుతుంది. పగలంతా వెలుగుతున్న లైటు కూడా ఇంట్లో ఎవరూ లేరని చెప్పే బోర్డే. వాళ్ళు దసరాకు ధారవాడ పోతే ఆ పని నాది. పాలవాడికి, పేపరు అబ్బాయికి మాత్రం మనమే చెప్పుకోవాలి. ఇక వాట్సప్‌లో ప్రయాణం ఫోటోలంటారా, ఇల్లు చేరాక పెట్టుకున్నా అవి పాతబడవు!

తాళంకప్ప ఎంత పెద్దదైతే అంత భద్రం అనుకుంటాం. దొంగ తాళం జోలికే పోడు, గొళ్ళెం పట్టుకుని పెకలిస్తాడు. స్క్రూలతో బిగించిన గొళ్ళెం ఒక్క గడ్డపార దెబ్బకు ఊడివస్తుంది. తలుపు అవతలికి బోల్టులు దిగి, లోపల నట్లు బిగించి ఉండాలి. బయట తాళం వేలాడని ఇంటర్‌లాకు అయితే ఇంకా మేలు. నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. అక్కడ దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకేనని రిజర్వు బ్యాంకు నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. అయినా బీరువా కంటే నయమే.

డ్రమ్ములు బోర్లించే ముందు లోపలి గోడలు తోమండి. డెంగ్యూ దోమ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. టీవీ ప్లగ్గు, కేబులు తీసెయ్యండి, ఎండాకాలం సాయంత్రాలు పిడుగులు పడే కాలం. గ్యాసు రెగ్యులేటరు కట్టెయ్యండి. తిరిగి వచ్చి తలుపు తీయగానే గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకండి. వేయడమూ వద్దు, ఆర్పడమూ వద్దు. ఆ గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పేరుకుని ఉంటుంది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

మీరు ఆదోనిలో ఉండగా “మీ తలుపు తెరిచి ఉందక్కా” అని ఫోన్ వచ్చిందనుకోండి. ఎవరినీ లోపలికి పోవద్దనండి, 112కు చెప్పమనండి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, దొంగతనం బళ్ళారిలో జరిగినా ఆదోని స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు, కేసును వాళ్ళు బళ్ళారికి పంపుతారు. ఏమేం పోయాయో అక్కడే అడుగుతారు. అందుకని నగల బిల్లులు, టీవీ నంబరు ఫోటో తీసి మీ ఫోనులో ఉంచుకుని బస్సెక్కండి.