ఆర్కిడ్ సాగుదారుల సంఘము: నెలకొక పాఠము

పెండ్లిపందిళ్లయందును సభావేదికలయందును నేడు విరివిగా గనబడుచున్న ఊదారంగు ఆర్కిడ్ పూలను జూచి, “ఈ పూలను మనము మాత్రము పండింపలేమా?” యని తలంచు రైతులు మన సంఘములలో లేకపోలేదు. మన నగరములలో నమ్ముడగు ఈ పూలలో విశేషభాగము థాయిలాండు దేశమునుండి దిగుమతి యగుచున్నది గావున ఆ తలంపు సహజమే. కాని దానికంటె ముందు వేసికొనవలసిన ప్రశ్న యొకటి గలదు. ఈ విద్యను మన మెవరియొద్ద నేర్చుకొందుము?

వరికి, చెఱకునకు, మిరపకు మన తాతతండ్రుల యనుభవ మున్నది. ఆకు రంగు మాఱినచో నేమి చేయవలెనో పొరుగు చేనివాడు చెప్పగలడు. ఆర్కిడ్డునకు మన యూళ్లలో అట్టి తాత లేడు. అట్టి పొరుగువాడును లేడు. ఇట్టి లోటును దీర్చుకొనుటకే ఈ మొక్కలను పెంచువారు అనేక దేశములలో సంఘములుగా జేరి, ఒకరి యనుభవమును వేఱొకరికి పాఠముగా జేసికొనుచున్నారు. ఆ సంఘములు ఎట్లు పనిచేయునో, మన సహకార సంఘ సభ్యులలో పదిమంది పూనుకొన్నచో ఏమేమి నేర్చుకొనవచ్చునో ఈ వ్యాసమున దెలుప నెంచితిమి.

ఈ మొక్క యెట్టిది?

ఆర్కిడ్ కుటుంబమున ప్రపంచమంతట సుమారు 28,000 జాతులు గలవు. మనదేశమున 1,250కి పైబడిన జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. వీనిలో గొన్ని నేలపై మొలచును. అనేకములు చెట్ల కొమ్మల నంటిపెట్టుకొని బ్రతుకును. మన మామిడిచెట్లపై గనబడు వాండా మొక్క ఈ రెండవ తెగలోనిది. సామర్లకోటలో బనిచేసి 1793లో కలకత్తా తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు మనదేశపు చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, 1795లో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథమును బ్రకటింప నారంభించెను. అందులో ఈ వాండా బొమ్మయు గలదు. కాబట్టి మొక్క మనకు గొత్తది గాదు. దానిని పెంచు విద్యయే కొత్తది.

చెట్టుకొమ్మపై నుండు ఈ మొక్కను బదనిక యని భ్రమించి పీకివేయరాదు. బదనిక తాను మొలచిన కొమ్మలోనికి వేళ్లు జొనిపి ఆ చెట్టు రసమును బీల్చును. వాండా కొమ్మపై గూర్చుండునే కాని చెట్టు రసమును ముట్టదు. దాని వేళ్లపై తెల్లని మెత్తనిపొర యొకటి యుండును. వానచినుకు తగిలినతోడనే ఆ పొర నీటిని బీల్చి పచ్చబడును; గాలికి మరల ఆఱి తెల్లనగును. తడియుట, ఆఱుట, ఈ రెండును ఆ వేరునకు గావలెను. గులాబిని నాటినట్లు మట్టితో నింపిన కుండీలో నాటినచో గాలి యాడక వేళ్లు కుళ్లును. నీరు చాలలేదనుకొని మఱింత నీరు పోసి మొక్కను జంపుట క్రొత్తవారికి సామాన్యముగా గలుగు నష్టము.

విత్తనము సంగతి యింకను విచిత్రమైనది. ఒక్కొక్క కాయలో లక్షలకొలది విత్తులు ధూళివలె నుండును. వానిలో మొలకకు గావలసిన యాహారము నిలువ యుండదు. అడవిలో ఒక విధమగు బూజు సాయముననే అవి మొలచునని ఫ్రాన్సు దేశీయుడగు నోయెల్ బెర్నార్డు 1899లో వెల్లడించెను. చక్కెరయు లవణములును గలిపిన అగారుపై గాజుసీసాలో విత్తినచో బూజు లేకయే మొలకెత్తునని అమెరికాలో లూయిస్ నుడ్సన్ 1922లో జూపెను. నేడు ప్రపంచమున జరుగు ఆర్కిడ్ వ్యాపారమునకు ఈ సీసావిద్యయే పునాది.

సింగపూరు సంఘము

ఈ విద్య శాస్త్రజ్ఞుని గది దాటి తోటలలోనికి వచ్చుటకు సంఘ మెట్లు తోడ్పడెనో సింగపూరు చరిత్ర తెలుపుచున్నది. 1893లో ఆ నగరమున ఆగ్నెస్ జోకిమ్ అను నామె తోటలో రెండు వాండా జాతుల సంకరముగా నొక క్రొత్త మొక్క పూచెను. ఆమె పేరనే దానికి వాండా మిస్ జోకిమ్ అని పేరిడిరి. దానిని కాండపు ముక్కలు నాటియే వృద్ధి చేసిరి. ఇట్టి క్రొత్తరకములను గోరినప్పుడెల్ల విత్తునుండి పుట్టించు మార్గము అప్పటికి వారికి సుళువుగా లేదు.

1928లో ఆ యూరి ప్రభుత్వపు తోటకు అధికారియగు ఎరిక్ హోల్టమ్, న్యాయవాదియగు జాన్ లేకాక్, పూలపెంపకమున నాసక్తిగల ఎమీల్ గాలిస్తాన్ గలిసి మలయా ఆర్కిడ్ సంఘమును స్థాపించిరి. హోల్టమ్ నుడ్సన్ పద్ధతిని ఆ తోటలో ప్రవేశపెట్టెను. 1931లో ఆ తోటలో దయారైన తొలి సంకరజాతి పూచెను. ఆ యేటనే సంఘమువారు తమ పత్రికను బ్రారంభించిరి. యుద్ధానంతర దశాబ్దములలో సింగపూరు పూలు విదేశములకు ఎగుమతి కాసాగెను. 1981లో వాండా మిస్ జోకిమ్ ఆ దేశపు జాతీయ పుష్పమయ్యెను. ఆ సంఘము పేరు మార్చుకొని నేటికిని నడచుచున్నది.

ఇందు మనము గమనింపవలసిన దేమనగా, వ్యాపారము తరువాత వచ్చినది. విద్య ముందు వచ్చినది. ఆ విద్యయు నొక్కని పెట్టెలో దాగియుండక పదుగురిలో బడినందుననే ఫలించినది.

సమావేశమున జరుగు పనులు

ఆర్కిడ్ సంఘములు సాధారణముగా నెలకొకసారి సమావేశమగును. ప్రతి సభ్యుడు పూచిన మొక్క నొకదానిని దెచ్చి బల్లపై నుంచును. దాని ప్రక్కనే పేరు చీటీ యుండును. ఎప్పుడు నాటెనో, ఎంత యెండలో నుంచెనో, ఎన్నాళ్లకొకసారి ఎరువు పెట్టెనో తెచ్చినవాడు చెప్పును. తక్కినవారు ప్రశ్నింతురు. ఒకే జాతి మొక్క ఇద్దఱి యింట రెండువిధములుగా బెరిగినచో భేద మెచ్చట గలదో అచ్చటనే తేలును. ఆకు పసుపుబాఱినచో ఎండ యెక్కువయై యుండవచ్చును. ఆకు ముదురాకుపచ్చగ మెత్తగ పెరిగి పూవు లేకున్నచో వెలుతురు చాలలేదని గ్రహింపవలెను. పుస్తకమున జదివినదానికంటె, రెండు మొక్కలను ప్రక్కప్రక్క నుంచి చూచినప్పుడు ఈ సంగతి మనస్సున నాటును.

పూచిన మొక్కలకు మాత్రమే చోటీయరాదు. జబ్బు మొక్కకును ఒక బల్ల యుండవలెను. దానిని మంచి మొక్కలకు దూరముగ నుంచి, వేళ్లు విప్పి చూపి, కారణము విచారింపవలెను. చచ్చిన మొక్కను దెచ్చినవానిని ఎగతాళి చేయు సంఘమున మఱునాటినుండి యెవ్వరును నిజము చెప్పరు. నిజము చెప్పని చోట నేర్చుకొనుటకు ఏమియు మిగులదు.

మూడవది, చేతిపని చూపుట. డెండ్రోబియము కుదురును విడదీయునప్పుడు ఒక్కొక్క భాగమునకు మూడు కాడలైన నుండునట్లు కోయవలెనని వ్రాయుట సులభము. ఎచ్చట గత్తి పెట్టవలెనో చూచిననే తెలియును. ఒక మొక్కను గోసిన కత్తిని నిప్పుసెగలో గాల్చి చల్లార్చిన పిమ్మటనే రెండవ మొక్కను దాకవలెను. ఆర్కిడ్లకు వచ్చు వైరస్ తెగుళ్లు కత్తిమూలమున నొకదానినుండి యింకొకదానికి బ్రాకును. వానికి మందు లేదు. తెగులు నిశ్చయమైన మొక్కను దీసివేయుటయే మార్గము.

చేతిపని చూపుటవలన గలుగు మేలునకు వనిల్లా చరిత్ర నిదర్శనము. వనిల్లాయు ఆర్కిడ్ కుటుంబములోనిదే. 1841లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ ఆల్బియస్ అను 12 ఏండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో ఆ పూవునకు చేతితో పరాగసంపర్కము చేయు సుళువును గనిపెట్టెను. ఇతర తోటలవారు ఆ బాలుని బిలిపించుకొని ఆ పనిని జూచి నేర్చుకొనిరి. నేటికిని వనిల్లా తోటలలో ఆ చేతిపనియే నడచుచున్నది.

నాల్గవది, కలిసి కొనుట. ఇది మన సహకార సభ్యులకు దెలిసిన మార్గమే. సీసాలో బెంచిన పిల్లమొక్కలను విడివిడిగా గాక సీసాలెక్కను అమ్ముదురు. ఒక సీసాలోని మొక్కలను పదిమంది పంచుకొని వేర్వేఱు పద్ధతుల బెంచినచో, ఒక్క సంవత్సరములో పదిరకముల యనుభవము సంఘమునకు లభించును. కుండీలు, షేడ్‌నెట్టు, బొగ్గు, కొబ్బరిడొప్పలు సయితము కలిసి కొన్నచో ఖర్చు తగ్గును.

సంవత్సరమునకు గార్యక్రమము

మన వాతావరణమున సంఘమువారు ఈ క్రింది క్రమము నవలంబింపవచ్చునని సూచించుచున్నాము.

చైత్ర వైశాఖములు: నీడ, నీరు. డెండ్రోబియమునకు సగము వెలుతురు నాపు షేడ్‌నెట్టు సామాన్యముగ సరిపడును; వాండాకు అంతకంటె ఎక్కువ వెలుతురు గావలెను. వడగాలి వీచునప్పుడు మొక్కల క్రింది నేలను దడిపి గాలిలో తేమ నిలుపు విధమును జూపవలెను.

జ్యేష్ఠాషాఢములు: కుండీ మార్చుట. క్రొత్తవేళ్లు మొలక తలలు చూపునప్పుడే ఈ పని చేయవలెను. బొగ్గు, ఇటుకముక్కలు, నానవేసి కడిగిన కొబ్బరిడొప్పల ముక్కలు నింపి, అడుగున నీరు నిలువకుండ జేయవలెను.

శ్రావణ భాద్రపదములు: కుళ్లు తెగుళ్లు, నత్తలు. ఉదయముననే నీరుపోసి, చీకటిపడు వేళకు ఆకుల నడుమ తడి లేకుండ జూచుకొనవలెను. ఎరువును నీటిలో మిక్కిలి పలుచగ గలిపి తఱచుగ నిచ్చుట మేలు.

ఆశ్వయుజ కార్తికములు: ప్రదర్శనము. సభ్యులు పూచిన మొక్కలను ఊరివారికి జూపవలెను. బడిపిల్లలను బిలువుట మఱువరాదు.

మార్గశిర పుష్యములు: తోటల సందర్శనము, గ్రంథపఠనము. ఆంధ్రప్రదేశ్‌లో వేంకటరామన్నగూడెమునందును, తెలంగాణమున సిద్ధిపేట జిల్లా ములుగునందును ఉద్యాన విశ్వవిద్యాలయములు గలవు. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రములవారిని సమావేశమునకు బిలువవచ్చును. సిక్కిము రాష్ట్రమున పాక్యాంగ్‌లో 1996లో స్థాపింపబడిన జాతీయ ఆర్కిడ్ పరిశోధనా కేంద్రము గలదు. కాని కొండచలిలో బెరుగు సింబిడియము మన తీరపు వేడిలో సరిగ బూయదు గావున, అచ్చటి మొక్కను గాక అచ్చటి శాస్త్రమును దెచ్చుకొనవలెను.

మాఘ ఫాల్గుణములు: లెక్కలు. ఎన్ని మొక్కలు కొంటిమి, ఎన్ని బ్రతికినవి, ఎన్ని పూచినవి, ఎంత ఖర్చయ్యెను అను పట్టికను ప్రతి సభ్యుడు చదివి వినిపింపవలెను.

అడవి మొక్కల విషయము

ఈ సంఘములు మొదటిదినముననే వ్రాసికొనవలసిన నియమ మొకటి గలదు. అడవినుండి పెఱికి తెచ్చిన మొక్కను సమావేశపు బల్లపై నుంచరాదు, కొనరాదు, అమ్మరాదు. కొమ్మనుండి యూడదీసిన మొక్క తఱచు ఇంటివద్ద జచ్చును. అడవిలో దాని స్థానమున మఱొకటి పెరిగి పూచుటకు ఏండ్లు పట్టును. 1991లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము కొన్ని ఆర్కిడ్ జాతులను బ్రత్యేకముగ రక్షించుచున్నది. ఆర్కిడ్ జాతులన్నియు అంతర్జాతీయ వర్తక నిబంధనలకు లోబడియున్నవి. చట్టభయము చేత మాత్రమే గాదు, మన కనుమలలోని సొత్తు మన పిల్లలకు మిగులవలెనను బుద్ధిచేతను ఈ నియమమును బాటింపవలెను. మీ తోపులోని మామిడిపై వాండా యున్నచో దానిని అచ్చటనే యుండనిండు. దానిని జూచుటకు సంఘమునే అచ్చటికి దీసికొనిపొండు.

పెట్టుబడికి ముందు

ఆర్కిడ్ సాగువలన ధనము రాదని మేము చెప్పము. తప్పక వచ్చుననియు జెప్పజాలము. విత్తు మొలచినది మొదలు తొలిపూవు వఱకు డెండ్రోబియమునకు సుమారు 3 ఏండ్లు, వాండాకు 4 మొదలు 7 ఏండ్లు పట్టుట సామాన్యము. అప్పుచేసి షేడ్‌నెట్టు వేసినవానికి వడ్డీ మాత్రము మొదటి నెలనుండియే పెరుగును.

వనిల్లా మనకు దగ్గఱలోనే ఈ పాఠమును నేర్పినది. 2000లో మడగాస్కరు ద్వీపమున తుపాను వచ్చి పంట నశించుటచే 2003 వఱకు దాని ధర మిక్కిలి పెరిగెను. కేరళ కర్ణాటకములలో ననేకమంది రైతులు ఆ ధరను జూచి తీగలు నాటిరి. ఆ పిమ్మట ధర కూలిపోగా వారి పంటకు విలువ లేకపోయెను. వారు పనియం దాలస్యులు గారు. పండించుట నేర్చిరి గాని, ధర యేల పెరిగినదో పదిమంది గూర్చుండి విచారించు సమయ మనేకులకు జిక్కలేదు.

కావున మా సలహా యిది. తొలి రెండు సంవత్సరములు ఏ సభ్యుడును పది పండ్రెండు మొక్కలకు మించి కొనరాదు. ఆ కాలమును బడిగా నెంచవలెను. సగముకంటె నెక్కువ మొక్కలు చచ్చినవానికి, ఆ నష్టము కుండీలలో దీఱిపోయెనేకాని పొలముపైకి రాలేదని సంతోషింపవలెను. మొక్కలు బ్రతికి పూచినవానికి పూల వర్తకులతో మాటలాడి, దారిఖర్చు, వాడుకలో వచ్చు నష్టము లెక్కించుకొని, అప్పుడు సంఘము ద్వారా పెట్టుబడిని గూర్చి యోచించుట యుక్తము.

దీనికి గావలసిన ప్రారంభ సామగ్రి స్వల్పము. సహకార సంఘపు కార్యాలయపు వసారా, ఒక బల్ల, ఒక దళసరి నోటుపుస్తకము, పదిమంది సభ్యులు, నెలకొక యాదివారము చాలును. మొదటి సమావేశమునకు పూచిన మొక్క లేకున్నను గొఱత లేదు. ఎవరింటనైన చచ్చిన ఆర్కిడ్ మొక్క యున్నచో దానినే తెచ్చి, వేళ్లు విప్పి చూచి, పాఠము నారంభింపుడు.