సభాధ్యక్షుడెవరికి జవాబుదారి?



ఉప్పల్ చౌరస్తా నుండి నాచారము పోవు త్రోవలో మా కాలనీ యున్నది. ఒక ప్రక్క పారిశ్రామికవాడ, మరియొక ప్రక్క మావంటి ఉద్యోగవిరమణ చేసినవారి యిండ్లు. ఇచ్చటి జనులలో పెక్కురు బ్రదుకుతెరువునకై వేరువేరు జిల్లాలనుండి వచ్చినవారగుటచే నల్లగొండ పలుకు, వరంగల్లు పలుకు, గోదావరి పలుకు, శ్రీకాకుళపు పలుకు ఒక్క సందులోనే వినవచ్చును. మేము పదునైదుగురము చేరి కాలనీ గ్రంథాలయమున నెలకొక ఆదివారము సాయంకాలము సాహిత్యగోష్ఠి జరుపుకొనుచున్నాము. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుంటినను కారణమున నన్నధ్యక్షపీఠమున కూర్చుండబెట్టిరి. పీఠమనగా నొక చేతుల కుర్చీ. ముందొక చిన్న బల్ల. బల్లపై నొక గంట, ఒక సలహాల పుస్తకము. ఆ పుస్తకమునకు పుటల యంకెలు వేసినవాడను నేనే. ఆ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

పదిమంది మాటలాడుకొను చోట ఒకనిని మాటలాడుమనుటకును, ఇంకొకనిని కూర్చుండుమనుటకును, అన్నమాటను కొట్టివేయుటకును అధికారము పొందినవాడు, ఆ యధికారమునకెవరికి జవాబు చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను? నేటి ప్రసంగవిషయమిది.

భారతమున సభాపర్వములో ద్రౌపది కురుసభను ప్రశ్నించినది. మొదట తన్నుతానోడినవానికి పిమ్మట భార్యను పణముగా నొడ్డు హక్కుగలదా యని యామె ప్రశ్న. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. తక్కిన పెద్దలు నేలచూపులు చూచిరి. అప్పుడు విదురుడొక ప్రాచీన కథ నెత్తుకొనెను. ప్రహ్లాదుని కొడుకు విరోచనునకును, అంగిరసుని కొడుకు సుధన్వునకును ఒక కన్య విషయమై పోటీ కలిగి, ఇరువురిలో నెవరధికులను మాటపై ప్రాణములే పందెము వేసికొని, తీర్పునకై ప్రహ్లాదుని కడకే వచ్చిరి. వాదులలో నొకడు కన్నకొడుకు. ప్రహ్లాదుడు తల్లడిల్లి, తెలిసియు చెప్పనివానికేమగునని కశ్యపుని అడిగెను. కశ్యపుడు చెప్పిన దానిలో నొక లెక్క గలదు. నిందింపదగినదానిని నిందింపని సభలో పాపము మూడు వాటాలగును. సగము సభకు పెద్దయైనవానికి, పాతిక చేసినవానికి, పాతిక మిన్నకున్న సభ్యులకు చెందును. అది విని ప్రహ్లాదుడు సుధన్వుడే అధికుడని తీర్పు చెప్పెను.

ఈ కథను తరగతిలో ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. చేసినవానికంటె పెద్దకు రెట్టింపు వాటా యేల యని ఒక్క విద్యార్థియు నడుగలేదు, నేనును ఆలోచింపలేదు. ఇప్పుడు తోచుచున్నది. తప్పు జరుగుచున్న క్షణముననే దానిని ఆపగల చేయి సభలో నొక్కటే యుండును. తక్కినవారు లేచి, అనుమతి యడిగి, వరుస వచ్చువరకు నిలువవలెను. ఆ చేయి కదలకున్నచో అధికారము ఉండియు పనిచేయలేదన్నమాట. ఆ కదలకపోవుటకును జవాబుదారితనము కలదు.

మన నగరముననే జరిగిన యొక సభను తలచుకొందము. 1921 నవంబరు 12వ తేదీన వివేకవర్ధిని నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరుగుచుండెను. అధ్యక్షులు ధోండో కేశవ కార్వే గారు. 1916లో మహిళలకొక విశ్వవిద్యాలయమునే నెలకొల్పిన మహనీయుడాయన. ఆంగ్లమునను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు నడచినవి. ఆలంపల్లి వేంకటరామారావు అను వకీలు లేచి తెలుగున మాటలాడ మొదలిడగనే సభికులలో కొందరు కేకలు వేసి, చప్పట్లు చరచి, ఎగతాళి పట్టించిరి. ఈ రాజ్యమున అత్యధిక సంఖ్యాకుల భాష తెలుగు. తెలుగువారు మనసు నొచ్చి వెలుపలికి వచ్చి, ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట ఆంధ్ర జన సంఘమును స్థాపించుకొనిరి. అది పెరిగి 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది.

ఇది యొక యుద్యమమునకు నాంది యని చరిత్రకారులు వ్రాయుదురు. వ్రాయవలసినదే. నాకు దీనియందు మరియొకటి కానవచ్చును. ఆ సభ తలపెట్టినది సంఘసంస్కారము. కుర్చీలోనివాడు దేశము నమస్కరింపదగినవాడు. అట్టి కప్పుక్రిందనే ఒక మనుష్యుని తల్లిభాష నవ్వులపాలైనది. పెద్దమనుష్యుని మంచితనముపై ఆధారపడు సభకు, ఆ మంచితనము చాలని దినమున మరియే ఆధారమును ఉండదు. ఏ భాషలో మాటలాడవచ్చును, గోల చేసినవానినేమి చేయవలెను అనునది ముందే వ్రాసి యుండిన యెడల, వక్తకు చూపుకొనుటకొక కాగితమైన నుండెడిది.

అట్టి వ్రాత యెట్లుండునో మన లోకసభ నియమావళిని చూచి తెలిసికొనవచ్చును. పార్లమెంటు నియమములు విసువు పుట్టించునని మీరనుకొందురేమో. వ్యాకరణసూత్రములు చదివినవానికి అవి హాయిగానే యుండును. 373వ నియమము ప్రకారము, మిక్కిలి క్రమము తప్పి ప్రవర్తించిన సభ్యుని ఆ దినమునకు వెలుపలికి పొమ్మని స్పీకరు తానొక్కడే ఆజ్ఞాపింపవచ్చును. అంతకుమించి దూరముంచవలెనన్నచో 374వ నియమము చొప్పున స్పీకరు ఆ సభ్యుని పేరు చెప్పును. శిక్షను మాత్రము సభయే ఓటు వేసి నిర్ణయించును. అదియును ఆ సమావేశముల చివరిదాక మాత్రమే. చిన్న శిక్షకు ఒక్కని మాట చాలును, పెద్దదానికి పదిమంది చేతులు లేవవలెనన్న యీ యేర్పాటు నాకెంతయో నచ్చినది. 2001లో 374-ఏ అను నియమమును చేర్చి, పీఠము కడకు దూసికొనివచ్చి గందరగోళము చేయువారు స్పీకరు పేరు చెప్పినంతనే అయిదు దినముల సమావేశములకు దూరమగునట్లు చేసిరి. పని సాగుట ముఖ్యమనిరి. పని సాగుట ముఖ్యమే. కాని సభ చేతిలోని యొక తూకపురాయి ఇందువలన పీఠము చేతికి పోయినది.

అంతకంటె విలువైనది మరియొకటి. సభలో పలికిన యనుచితమైన మాటను దస్త్రమునుండి తీసివేయించు నధికారము స్పీకరునకు గలదు. అట్లు తీసివేసిన చోట తెల్లకాగితము వదలరు, ముందువెనుక వాక్యములను కలిపి అతికింపరు. అచ్చట నక్షత్రపు గుర్తులు వేసి, పీఠము నాజ్ఞచే తొలగింపబడినదని అడుగున వ్రాయుదురు. మాట పోవును, మాట పోయినదనుటయు, ఎవరి యాజ్ఞపై పోయినదనుటయు నిలుచును.

పీఠముపైననే నేరారోపణ వచ్చినచో? మన రాజ్యాంగము 94వ అనుచ్ఛేదము ప్రకారము పదునాలుగు దినముల ముందు నోటీసిచ్చి స్పీకరును తొలగించు తీర్మానము తేవచ్చును. దానిని చర్చించునప్పుడు ఆయన అధ్యక్షత వహింపరాదని 96వ అనుచ్ఛేదము చెప్పును. సభలో కూర్చుండవచ్చును, తన సమాధానము చెప్పుకొనవచ్చును, ఒక సభ్యునివలె ఓటు వేయవచ్చును. ఆ కుర్చీలో మాత్రము కూర్చుండరాదు. 1954 డిసెంబరులో మావలంకరు గారిపై అట్టి తీర్మానము వచ్చినప్పుడు సభ దానిని చర్చించియే త్రోసివేసినది. చర్చింపనిచ్చుటవలన ఆయన గౌరవము తగ్గలేదు. మన నీలం సంజీవరెడ్డిగారు 1967లో స్పీకరుగా నెన్నికైన వెంటనే తన పార్టీ సభ్యత్వమునకు రాజీనామా యిచ్చిరి. ఒకని పక్షమున నున్నవాడు ఇరుపక్షములకు గంట మ్రోగింపజాలడని ఆయన భావించియుందురు.

ఇవన్నియు తెలిసిన పండితుడేమి చేసెనో యిక చెప్పెదను.

మా గోష్ఠికి నా సహాధ్యాయి యొకరు వచ్చుచుండిరి. ఛందస్సునందు దిట్ట. కాలనీ పిల్లలకు కానియైనను పుచ్చుకొనక పద్యము నేర్పిన వాడు. ఐనను నోరు పదును. రెండేండ్ల క్రిందట, పారిశ్రామికవాడలో మందుల పెట్టెలు కట్టు పనిచేయు నొక యువతి తాను వ్రాసిన కథను చదివినది. తన యింటి మాటలోనే వ్రాసినది. ముగియగనే నా మిత్రుడు లేచి, ఆమె తప్పులను వ్రేళ్లపై లెక్కించి, ఆమె పలుకుబడిని అనుకరించి చూపెను. అందరు నవ్విరి. నేనును నవ్వితిని. గంట నా ముందే యున్నది.

ఆమె పోవుచు సలహాల పుస్తకమున 31వ పుటలో రెండు పంక్తులు వ్రాసిపోయినది: “సార్, మా మాట ఈడ పనికొస్తదా రాదా, గది చెప్పుండ్రి. రాదంటే మల్ల రాను.” క్రింద పేరు.

అందరు వెళ్లిన పిదప నేనా పుటను చించి జేబులో వేసికొంటిని. పదిమంది చూచినచో పాపము ఆ పిల్లకు నగుబాటగునని నాకు నేను చెప్పుకొంటిని. అది కొంత నిజమే. ఫిర్యాదు చేసినవారి పేరును కాపాడవలసిన సందర్భములు కలవు. కాని నేను పేరును దాచు సాకుతో ఫిర్యాదునే దాచితిని. కాపాడినది నా మిత్రుని, అంతకంటె ముఖ్యముగా నా నవ్వును.

మరుసటి నెల మా కార్యదర్శి పుస్తకము తిరుగవేసెను. సర్వేశాఖలో పనిచేసి విరమించినవాడు. కొలత తప్పినచో ఊరకుండలేడు. “అయ్యవారూ, ముప్పది తరువాత ముప్పదిరెండున్నది. నడుమ పుట యేమైనట్లు?” అని అందరియెదుట నడిగెను. కొంతసేపు నా నోట మాట రాలేదు. పిమ్మట కుర్చీనుండి లేచి, ఆయననే కూర్చుండుమని, బల్లకిటువైపు వచ్చి నిలువబడి జరిగినది చెప్పితిని.

రెండు గంటలు చర్చ సాగినది. నా మిత్రుని వాదన వినకపోలేదు. “తప్పును తప్పనుట తప్పగునా? మెచ్చుకొనుటకే అయినచో గోష్ఠి యెందుకు?” అని ఆయన యడిగెను. అది త్రోసివేయదగిన మాట కాదు. దిద్దుటకు జంకు గురువు వలన శిష్యునకేమి లాభము? ఆయన వద్ద పద్యము నేర్చుకొన్న పిల్లల తండ్రులిద్దరు ఆయనకై గట్టిగా వాదించిరి. వ్రాతను దిద్దుట వేరు, పలుకును వెక్కిరించుట వేరు అని ఒక గృహిణి యన్నప్పుడు సభ యొక దారికి వచ్చినది. మూడు నెలలు ఆయన వినవచ్చును గాని విమర్శింపరాదని తీర్మానించిరి. నన్నారు నెలలు పీఠమెక్కరాదనిరి. కశ్యపుని లెక్క తెలిసియే అట్లు నిర్ణయించిరో, తెలియకయో, నేనడుగలేదు.

మిత్రుడు మరల రాలేదు. పాల కేంద్రమువద్ద కనబడినప్పుడు ఆరోగ్యమడుగును. గోష్ఠి మాట ఎత్తడు. పిల్లలకు ఛందస్సు చెప్పువారిప్పుడు లేరు. ఆ నష్టము నష్టమే. ఆ యువతికి కార్యదర్శి స్వయముగా తీర్మానపు ప్రతి యందించి వచ్చెను. ఆమె నాలుగవ నెలలో వచ్చి తలుపు దగ్గర కూర్చున్నది. ఆ పైనెలలో చదివినది.

చించిన పుట నా జేబులోనే నలిగి యుండెను. దానిని అతికింతునని కార్యదర్శితో నంటిని. ఆయన ఒప్పుకొనలేదు. ఆమె యిష్టమైనచో ఆమెకే తిరిగి యిండనెను, అట్లే యిచ్చితిని. పుస్తకమున మాత్రము కుట్టుదారమునకు అంటుకొనియున్న చిరుగు అంచును చూపి, దాని ప్రక్కన నా చేతనే వ్రాయించెను: “31వ పుట. అధ్యక్షునిచే చింపబడినది.” క్రింద తేదీ వేయించి, సంతకము చేయించి, పుస్తకమును మరల గంట ప్రక్కన పెట్టెను.