ఐరోపాను చదువవచ్చిన అతిథి

ఐరోపా రాజకీయములను, సమాజమును అభ్యసించుటకు దూరదేశమునుండి పోవు విద్యార్థి కొన్ని తేదీలను వెంట తీసికొనిపోవును. 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధి, 1815 నాటి వియన్నా సభ, 1919 నాటి వెర్సాయి ఒడంబడిక, 1957 నాటి రోము ఒడంబడిక - ఇవి యన్నియు అతడు స్వదేశముననే కంఠస్థము చేసినవి. పరీక్షలకు అవి చాలవచ్చును. ఆ ఒడంబడికలు ఎవరి బ్రతుకులను ఎట్లు తాకినవో తెలిసికొనుటకు మాత్రము అవి చాలవు. అందులకు ఆ గడ్డపై కూర్చుండియే చదువవలెను.

ఇట్టి చదువునకు మంచి ఉదాహరణ మొకటి కలదు. నాటకకర్తయై, పిమ్మట చెక్ దేశమునకు అధ్యక్షుడైన వాత్స్లావ్ హావెల్ పేరిట ‘ఐరోపా రాజకీయములు, సమాజము’ అను స్నాతకోత్తర విద్య ఏర్పడినది. ఇది ఒక్క విశ్వవిద్యాలయమునకు చెందినది కాదు. ప్రాగ్‌లోని చార్లెస్, పోలెండు దేశపు క్రాకో నగరములోని యాగెల్లోనియన్, హాలెండులోని లైడెన్, బార్సిలోనాలోని పొంపేవ్ ఫాబ్రా - ఈ నాలుగును కలిసి రెండేండ్ల చదువుగా దీనిని తీర్చినవి. విద్యార్థి ఒక నగరమున మొదలిడి మఱియొక నగరమునకు సాగును. ఎచ్చటికి పోయినను అచ్చటి విశ్వవిద్యాలయ చరిత్రయే ఒక పాఠమై ఎదురగును.

ప్రాగ్ విద్యాపీఠమును 1348లో నాలుగవ చార్లెస్ రాజు నెలకొల్పెను. నాడు అచ్చటి అధ్యాపకులును, విద్యార్థులును బొహీమియా, బవేరియా, పోలెండు, సాక్సనీ అను నాలుగు ‘జాతులు’గా ఏర్పడి, జాతికొక ఓటు చొప్పున తమ వ్యవహారములను నడపుకొనిరి. తమ నేలపై తామే అల్పసంఖ్యాకులమైతిమని స్థానికులు మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ కల్ల కాదు. 1409లో వెన్సెస్లాస్ రాజు స్థానికులకు మూడు ఓట్లును, తక్కిన మూడు జాతులకును కలిపి ఒకే ఓటును ఇచ్చెను. జర్మన్ పండితులు, విద్యార్థులు మూకుమ్మడిగా ఊరు విడిచిరి. వారిలో పలువురు ఆ సంవత్సరమే లైప్‌జిగ్‌లో వేఱొక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. ఒకరి న్యాయము మఱియొకరికి అన్యాయముగా మాఱుట ఎంత సులభమో, ఐరోపా రాజకీయ విద్యార్థికి ఇదియే మొదటి పాఠము.

రెండవ పాఠము 1939 నాటిది. ఆ యేడు మార్చిలో హిట్లరు సేనలు ప్రాగ్‌ను ఆక్రమించెను. అక్టోబరు 28 నాటి నిరసన ప్రదర్శనలో తుపాకిగుండు తగిలి యాన్ ఒప్లెతాల్ అను వైద్యవిద్యార్థి కొన్ని దినములకు మరణించెను. అతని అంత్యయాత్రకు విద్యార్థులు వెల్లువగా కదలిరి. నవంబరు 17న జర్మనులు తొమ్మిదిమందిని విచారణ లేకయే కాల్చి చంపి, వెయ్యిమందికి పైగా విద్యార్థులను సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరమునకు తరలించి, చెక్ ఉన్నత విద్యాలయములనెల్ల మూసివేసిరి. అందుచేతనే నవంబరు 17 అంతర్జాతీయ విద్యార్థి దినమైనది. సరిగా ఏబది యేండ్లకు, 1989లో అదే దినమున, ఆ మృతులను స్మరించుచు నడచిన విద్యార్థులను నాటి కమ్యూనిస్టు ప్రభుత్వపు పోలీసులు చావగొట్టిరి. దేశము కదలెను. ఆ డిసెంబరు 29న హావెల్ అధ్యక్షుడయ్యెను.

క్రాకో విశ్వవిద్యాలయము 1364లో పుట్టినది. కోపర్నికస్ అచ్చటి విద్యార్థియే. 1939 నవంబరు 6న జర్మన్ అధికారి యొకడు ఉపన్యాసము విన రమ్మని ఆచార్యులను పిలిపించెను. ఉపన్యాసము లేదు, నిర్బంధము మాత్రమే కలదు. నూట ఎనుబదిమందికి పైగా పట్టుబడి సాక్సెన్‌హౌసెన్ చేరిరి. అచ్చటి చలికి, ఆకలికి వృద్ధులు కొందఱు ప్రాణములు విడిచిరి. ఇతర దేశముల పండితులు గోల చేయగా 1940లో పలువురు విడుదలైరి. విశ్వవిద్యాలయము మూతపడియే యున్నది. ఆచార్యులు ఇండ్లలో రహస్యముగా పాఠములు చెప్పిరి. పట్టుబడినచో ప్రాణమునకే ముప్పని ఎఱిగియే యువకులు వినుటకు వచ్చిరి.

ఈ సంగతులు తెలిసిన పిమ్మట ఐరోపా సమాఖ్య చరిత్ర వేఱుగా వినిపించును. 1950 మే 9న ఫ్రెంచి మంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రాన్సు జర్మనీల బొగ్గు, ఉక్కులను ఉమ్మడి అధికారము క్రింద ఉంచుదమని ప్రతిపాదించెను. ఆయుధములకు మూలమైన వస్తువులు ఉమ్మడియైనచో యుద్ధము చేయుటయే దుర్ఘటమగునని ఆయన తలంపు. 1951లో ఆరు దేశములు ఒప్పుకొన్న ఆ యేర్పాటు నేడు 27 దేశముల, 24 అధికార భాషల సమాఖ్యగా పెరిగినది. ఇప్పుడు ఒకే బల్ల చుట్టు జర్మన్, పోలిష్, చెక్ విద్యార్థులు కూర్చుందురు. అధ్యాపకుడు చెప్పగా వ్రాసికొని అప్పగించు చదువు కాదిది. ముందుగా గ్రంథములు చదివి వచ్చి, తరగతిలో వాదించి, తుదకు స్వయముగా పరిశోధించి వ్యాసము వ్రాయవలెను. ముత్తాతల కాలపు పగలు ఆ బల్లపై వాదములై తీరుచున్నవి.

బార్సిలోనా విశ్వవిద్యాలయము 1990లో పుట్టిన పసిబిడ్డ. దానికి పెట్టిన పేరు రాజుది కాదు, వ్యాకరణవేత్తది. ఇంజనీరైన పొంపేవ్ ఫాబ్రా కాటలాన్ భాషకు వ్యాకరణమును, 1932లో నిఘంటువును సమకూర్చెను. అంతర్యుద్ధమున ఫ్రాంకో గెలువగా ఆయన దేశము విడిచి, 1948లో ఫ్రాన్సులో పరవాసిగానే కన్నుమూసెను. ఫ్రాంకో పాలనలో ఆ భాషకు బడులలో గాని, కచేరీలలో గాని చోటు లేకపోయెను. తెలుగు విద్యార్థికి ఈ పాఠమును విడమఱచి చెప్పనక్కఱలేదు. 1953లో భాష ఆధారముగా ఆంధ్ర రాష్ట్ర మేర్పడినది. 2014లో ఆ భాషనే మాటలాడువారు రెండు రాష్ట్రములైరి. భాష జనులను కలుపగలదనియు, భాష యొక్కటియే చాలదనియు అతని యింటి చరిత్రయే చెప్పును. స్పెయినులో ఉండుటయా, విడిపోవుటయా అని కాటలాన్ ప్రజలు నేటికిని వాదించుకొనుచుండగా, అతడు మాటలాడదగినవాడే.

ఇక లైడెన్. స్పెయిను రాజుపై తిరుగుబాటు సాగుచుండగా, ముట్టడిని తట్టుకొని నిలిచిన ఆ పట్టణములో 1575లో విశ్వవిద్యాలయము వెలసెను. ‘స్వేచ్ఛకు రక్షణదుర్గము’ అనునది దాని ఆదర్శవాక్యము. 1940లో జర్మనులు యూదులైన అధ్యాపకులను తొలగించినపుడు ఆ వాక్యమునకు పరీక్ష వచ్చెను. నవంబరు 26న, తొలగింపబడిన మేయర్స్ ఆచార్యుడు పాఠము చెప్పవలసిన వేళకు, ఆయన శిష్యుడును న్యాయశాస్త్ర శాఖాధిపతియునైన క్లేవెరింగా వేదిక నెక్కెను. గురువు విద్వత్తును శాంతముగా వర్ణించి, ఆ తొలగింపు అన్యాయమని ప్రకటించెను. విద్యార్థులు తరగతులు మానిరి. మఱునాడు క్లేవెరింగాను చెఱలో వేసిరి. విశ్వవిద్యాలయము మూతపడెను.

ఆ కథకు చేతులు జోడించిన తూర్పుదేశపు విద్యార్థికి ఒక ప్రశ్న మిగులును. లైడెనుకు చేరువనే హేగ్ నగరము కలదు. రాటర్‌డామ్‌లో చదువుకొన్న ఇండోనీషియా యువకుడు మహమ్మద్ హట్టాను, స్వదేశ స్వాతంత్ర్యమునకై పాటుపడినందులకు 1927లో నిర్బంధించి, 1928లో విచారించినది ఆ హేగ్‌లోనే. న్యాయస్థానము ఆయనను నిర్దోషియని విడిచిపెట్టెను. కాని 1945లో పరాయి పాలననుండి విముక్తమైన హాలెండు, ఆ వెంటనే ఇండోనీషియాపైకి తన సేనలను పంపెను. 1949 డిసెంబరు 27న గాని ఆ దేశమునకు సార్వభౌమాధికారము నప్పగింపలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దానిని అందుకొన్నవాడు ఆ హట్టాయే. స్వేచ్ఛ విలువ అంతగా ఎఱిగినవారు ఇతరులకు దానిని ఏల నిరాకరించిరి?

ఈ ప్రశ్నను ఆ బల్లచుట్టు కూర్చున్నవారిలో ఎవరైనను అడుగవచ్చును. కాని అది ముందుగా తోచునది అతిథికే. తోచినపుడు మర్యాదకై దానిని మ్రింగి, గ్రంథములో నున్నంతవఱకే వ్రాసి పట్టా పుచ్చుకొని రావచ్చును. లేదా లేచి అడుగవచ్చును. క్లేవెరింగా నిలుచుండిన విద్యాలయములో ఏది చేయదగునో విద్యార్థికి వేఱుగా చెప్పవలసిన పని లేదు.