కొన్న కంపెనీ పద్దులు ఏ దేశంలో ఉంచాలి?

అనంతపురం మెట్టనేలలో, పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. జిల్లాల విభజన తర్వాత అది శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి వెళ్లింది. నేల చదును చేసి కొత్తగా కట్టుకున్న ఫ్యాక్టరీ కాబట్టి మొదటి పద్దు నుంచే తమకు నచ్చిన సాఫ్ట్‌వేర్ పెట్టుకునే వీలు కొరియా యాజమాన్యానికి ఉంది. నడుస్తున్న కంపెనీని పరాయి దేశంలో కొన్నవాళ్లకు ఆ సుఖం లేదు. మనుషులు, సరుకు, లైసెన్సులతో పాటు ఏళ్ల తరబడి పేరుకున్న డేటాబేస్ కూడా వాళ్ల నెత్తిన పడుతుంది.

తెలుగు నేల నుంచి అలా బయటికెళ్లి కొన్నవాళ్లలో మందుల కంపెనీలు ముందుంటాయి. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. అరబిందో ఫార్మా 2014లో పశ్చిమ యూరప్‌లోని ఏడు దేశాల్లో యాక్టావిస్ వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఏడు దేశాలంటే ఏడు పన్నుల లెక్కలు.

ఇలాంటి చోట ఎవరికైనా మొదట తోచేది, అన్నీ తెచ్చి హెడ్డాఫీసు సర్వర్‌లో పెట్టేయడం. ఖర్చు కలిసొస్తుంది, అజమాయిషీ చేతిలో ఉంటుంది. అడ్డుపడేది దూరం.

ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ఆగ్స్‌బర్గ్‌కు సరళరేఖలో దాదాపు 7 వేల కిలోమీటర్లు. అంటే ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి సెకనులో వందకు ఏడు వంతులు. సముద్రం అడుగున కేబుల్ చుట్టు తిరిగి పోతుంది కనుక అది రెట్టింపు కావచ్చు. అయినా కనురెప్ప పాటే కదా అనిపిస్తుంది. కానీ పాతకాలపు వ్యాపార సాఫ్ట్‌వేర్ ఒక్క ఇన్‌వాయిస్ తెరవడానికే డేటాబేస్‌ను వందసార్లు పలకరించగలదు. కస్టమర్ పేరుకు ఒకసారి, ధరకు ఒకసారి, పన్నుకు మరోసారి. వంద ప్రశ్నలకు 14 సెకన్లు. ఫోన్‌లో ఆర్డర్ రాసుకునే గుమాస్తాకు ఇది నరకం. బ్యాండ్‌విడ్త్ ఎంత కొన్నా ఈ ఆలస్యం తగ్గదు. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ఊరు దగ్గరికి రాదు. అందుకే డేటాబేస్‌నూ దాన్ని ప్రశ్నలడిగే ప్రోగ్రామ్‌నూ ఒకే గదిలో ఉంచి, ఉద్యోగికి తెర మాత్రమే పంపడం పద్ధతి.

చిన్న చిక్కులు పెద్దవాటికంటే ఎక్కువ ఏడిపిస్తాయి. జర్మన్ ఇన్‌వాయిస్‌లో 1.500 అని కనబడితే అది ఒకటిన్నర కాదు, పదిహేను వందలు. జర్మనీవాళ్లు తెల్లవారుజామున 3 గంటలకు మరమ్మతుకు సర్వర్ ఆపితే, చలికాలంలో మనకది ఉదయం 7.30.

తర్వాత చట్టం. యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు 2018 మే 25 నుంచి అమల్లో ఉన్నాయి. జర్మనీ ఉద్యోగి వివరాలు భారత్‌కు రావాలంటే ప్రత్యేక ఒప్పంద షరతుల వంటి రక్షణ ఏర్పాట్లుండాలి. సర్వర్ జర్మనీలోనే ఉన్నా, హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఫైలు తెరిస్తే డేటా దేశం దాటినట్టే లెక్క. మన ప్రభుత్వమూ ఊరుకోలేదు: కంపెనీ ఖాతాల బ్యాకప్ భారత్‌లోని సర్వర్‌లో రోజూ ఉండాలని 2022లో నిబంధన సవరించింది.

ఇక కేబులే తెగిపోతే? 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తీరాన కేబుళ్లు తెగి మన దేశపు ఇంటర్నెట్ సామర్థ్యం చాలావరకు పడిపోయింది. కేబుల్ తెగకపోయినా ముప్పు తప్పదు: 2020 అక్టోబర్ 22న డాక్టర్ రెడ్డీస్ మీద సైబర్ దాడి జరిగింది. ముందుజాగ్రత్తగా కంపెనీ డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసి పెట్టింది. పలు దేశాల్లోని ప్లాంట్ల మీద ప్రభావం పడిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అది రాన్సమ్‌వేర్ అని కొద్ది రోజులకు కంపెనీయే చెప్పింది.

ఆర్డర్లు, బిల్లులు, జీతాలు పనిచేసే మనుషుల దగ్గరే ఉండి, ఏకీకృత లెక్కలకు కావలసిన మొత్తాలు మాత్రం రాత్రిపూట హెడ్డాఫీసుకు చేరడమే మేలు. ఖర్చు కాస్త ఎక్కువే. అన్నీ ఒకేచోట పెట్టాలనుకునే కంపెనీ, వేరే ఊళ్లో రెండో డేటా సెంటర్‌కు డబ్బు తీసిపెట్టాకే ఆ పనికి దిగాలి.